వారానికి ఏడెనిమిది గంటలే దొరికేవారికి తక్కువ తీవ్రత సాధన సరిపోతుందా? (గోవా 70.3 సన్నాహం)

వేణు_నార్సింగి | ఫిబ్రవరి 9

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒలింపిక్ దూరం ట్రయాథ్లాన్, అంటే 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైక్లింగ్, 10 కిలోమీటర్ల పరుగు పూర్తిచేసిన అనుభవం ఉంది. ఈ ఏడాది చివర్లో గోవాలో జరిగే 70.3లో, అంటే ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్‌లో సగం దూరం ఉండే పోటీలో పాల్గొనాలని నిశ్చయించుకున్నాను. కొత్తవారి కోసం చెబుతున్నాను: అందులో ఈత 1.9 కిలోమీటర్లు, సైక్లింగ్ 90, పరుగు 21.1. మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో పూర్తికావాలి. ఈత గంటా పది నిమిషాల్లో, ఈతా సైక్లింగూ కలిపి ఐదున్నర గంటల్లో ముగించకపోతే అక్కడే ఆపేస్తారు.

నా సందేహం సాధన తీవ్రత గురించి. ఇల్లూ ఆఫీసూ చూసుకోగా వారానికి ఏడెనిమిది గంటలకు మించి దొరకవు. గత ఏడాది వాచీలో నమోదైన పరుగులన్నీ తిరగేస్తే, వారం మధ్యలో చేసిన చిన్న పరుగైనా ఆదివారం చేసిన పెద్ద పరుగైనా సగటు హార్ట్ రేటు 155కీ 162కీ మధ్యే ఉంది. తేలికగా పరుగెత్తిన రోజు ఒక్కటీ లేదు, నిజంగా గట్టిగా పరుగెత్తిన రోజూ లేదు. 10 కిలోమీటర్ల టైమింగ్ ఏడాదిగా ఉన్నచోటే ఉంది, పిక్కల నొప్పి మాత్రం తరచూ తిరగబెడుతోంది.

తేలిక సాధనలో హార్ట్ రేటు ఎంత దాటకూడదో లెక్కవేయడానికి అమెరికా శిక్షకుడు ఫిల్ మాఫెటోన్ చెప్పిన ‘180 నుంచి వయసు తీసివేత’ సూత్రం ప్రకారం నా పరిమితి 139. నిన్న ఆ అంకె దాటకుండా పరుగెత్తి చూశాను. చదునైన రోడ్డు మీద మెల్లగా కదులుతున్నంతసేపు బాగానే ఉంది కానీ, చిన్నపాటి ఎత్తు రాగానే వాచీ మోగడం, నేను నడకలోకి దిగడం జరిగింది. మామూలుగా కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలు పట్టేవాడికి నిన్న 8 నిమిషాల 40 సెకన్లు పట్టింది. వానాకాలం వరకు అన్ని సాధనలూ ఇదే పద్ధతిలో కొనసాగించవచ్చా? ఉన్న కాస్త సమయాన్నీ ఇంత నెమ్మదిగా ఖర్చుచేయడం సబబేనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

తీరం_లలిత (విశాఖ) | ఫిబ్రవరి 9

వేణు గారూ, 8.40 చూసి దిగులుపడకండి. ఈ పద్ధతి మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ మొదటి వారాల్లో ఎదురయ్యేది ఇదే.

మాఫెటోన్ పేరు ట్రయాథ్లాన్ లోకంలో ఇంతగా వినిపించడానికి ప్రధాన కారణం మార్క్ అలెన్. హవాయిలో జరిగిన ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీని 1989 నుంచి 1993 వరకు వరుసగా ఐదుసార్లు, మళ్లీ 1995లో ఒకసారి గెలిచిన ఆయన, ఆధార సాధన (పోటీల కాలానికి ముందు చేసే పునాది సాధన) మొత్తం హార్ట్ రేటు 155 దాటకుండా చేసేవారు. మొదట్లో ఆ హార్ట్ రేటు దగ్గర మైలుకు ఎనిమిది నిమిషాలకు పైగా పట్టేదని, అదే తర్వాత ఐదున్నర నిమిషాల లోపుకు వచ్చిందని ఆయనే చెప్పారు. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆయన వృత్తి క్రీడాకారుడు, రోజంతా సాధనకే కేటాయించగలవాడు. పైగా ఏడాది పొడవునా నెమ్మదిగానే పరుగెత్తలేదు, పోటీల కాలం దగ్గరపడితే వేగం సాధనలు చేర్చేవారు. మన దగ్గర ఈ రెండో భాగాన్ని చాలామంది చెప్పకుండా వదిలేస్తుంటారు.

సూత్రంలో సవరణలు కూడా ఉన్నాయి. పెద్ద జబ్బు నుంచి కోలుకుంటున్నా, క్రమం తప్పక మందులు వాడుతున్నా ఇంకో 10 తగ్గించాలి. గాయాలు, తరచూ జలుబు, ఉబ్బసం, లేదా సాధన మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టడం వంటివి ఉంటే 5 తగ్గించాలి. రెండేళ్లకు పైగా ఏ ఇబ్బందీ లేకుండా పురోగతి ఉన్నవారు 5 కలుపుకోవచ్చు. మీ పిక్కల నొప్పి తరచూ తిరగబెడుతోందంటున్నారు కనుక, నిజాయితీగా లెక్కవేస్తే మీ అంకె 139 కాదు, 134 అవుతుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు నడవడానికి సంకోచించకండి. ఆర్కే బీచ్ రోడ్డు నుంచి భీమిలి వైపు వెళ్లే మా దారిలో రుషికొండ, తొట్లకొండ దగ్గర ఎత్తులున్నాయి. అక్కడ నడిచి, దిగేటప్పుడు మళ్లీ పరుగు అందుకునేవారు మా బృందంలో చాలామందే ఉన్నారు. వాళ్లలో గట్టివాళ్లూ ఉన్నారు.

డా_నిర్మల | ఫిబ్రవరి 10

నేను క్రీడా వైద్యంలో పనిచేస్తున్నాను. అంకెల జోలికి వెళ్లేముందు శరీరంలో ఏం జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే ఏ అంకెను ఎంతవరకు నమ్మాలో మీరే నిర్ణయించుకోగలుగుతారు.

తక్కువ తీవ్రతతో ఎక్కువసేపు వ్యాయామం చేసినప్పుడు గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం పరిమాణం క్రమంగా పెరుగుతుంది. కండరాల్లో కేశనాళికలు పెరుగుతాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా సంఖ్యా సామర్థ్యమూ పెరుగుతాయి. అందువల్ల ఒకే వేగం దగ్గర కొవ్వు నుంచి వచ్చే శక్తి వాటా పెరిగి గ్లైకోజెన్ (శరీరంలో నిల్వ ఉండే పిండిపదార్థం) ఆదా అవుతుంది. కండరాల్లో, కాలేయంలో ఉండే గ్లైకోజెన్ అంతా కలిపి సుమారు 2000 కెలోరీలకు సరిపోతుంది. 70.3 పూర్తిచేయడానికి అంతకంటే చాలా ఎక్కువ కావాలి. పోటీ మధ్యలో తినేది కొంత పూడుస్తుంది గానీ అంతా పూడ్చలేదు. అందుకే దూరం పెరిగేకొద్దీ ఈ ఆధార సాధన విలువ పెరుగుతుంది.

ఇక అంకె సంగతి. ‘180 నుంచి వయసు తీసివేత’ అనేది మాఫెటోన్ తన దగ్గరికి వచ్చిన క్రీడాకారులను ఏళ్ల తరబడి పరిశీలించి పెట్టుకున్న అంచనా. ఒకే వయసున్న ఇద్దరి గరిష్ఠ హార్ట్ రేటు మధ్య 20 స్పందనల తేడా ఉండడం అరుదేమీ కాదు కాబట్టి, ఒకే సూత్రం ఒకరికి మరీ తేలిక, మరొకరికి కాస్త కఠినం కావచ్చు. మనకు నిజంగా కావలసింది మొదటి వెంటిలేటరీ థ్రెషోల్డ్, అంటే శ్వాస లోతు పెరిగి మాట తెగడం మొదలయ్యే స్థాయి. శ్రమ పెరిగేకొద్దీ కండరాల నుంచి రక్తంలోకి చేరే లాక్టేట్ విశ్రాంతి స్థాయిని మించి పెరగడం కూడా సుమారుగా అక్కడే మొదలవుతుంది.

దాన్ని పట్టుకోవడానికి ల్యాబ్ తప్పనిసరి కాదు. పరుగెత్తుతూ, బడిలో కంఠస్థం చేసిన ఏదైనా పద్యాన్ని పైకి చదవండి. పాదం మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా, పాదం చివరే శ్వాస తీసుకుంటూ నాలుగు పాదాలూ హాయిగా పూర్తిచేయగలిగితే మీరు ఆ గీతకు కింద ఉన్నట్టే. పాదం మధ్యలో తెగితే దాటినట్టు. వేర్వేరు రోజుల్లో ఇలా చూసి, తెగిన చోట హార్ట్ రేటు ఎంతుందో రాసిపెట్టుకోండి. ఆ అంకె 139కి దగ్గరగా ఉంటే సూత్రం మీకు సరిపోయినట్టే. 146 వస్తే 146నే నమ్మండి.

పవన్_బెజవాడ | ఫిబ్రవరి 10

లలిత గారికీ డాక్టరు గారికీ గౌరవంతో చెబుతున్నాను, ఈ పద్ధతిని మొత్తంగా నెత్తికెత్తుకోవడంతో నేను ఏకీభవించలేను.

తక్కువ తీవ్రత సాధనకు శాస్త్రీయమైన ఆధారంగా అందరూ చూపేది స్టీఫెన్ సైలర్ పరిశోధనలను. నార్వేలోని అగ్డర్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఆయన, అగ్రశ్రేణి స్కీయర్లు, రోయర్లు, పరుగు క్రీడాకారులు తమ సాధనల్లో దాదాపు 80 శాతాన్ని తక్కువ తీవ్రతతో, మిగిలినవాటిని అధిక తీవ్రతతో చేస్తారని చూపించారు. కానీ వాళ్లు వారానికి ఇరవై గంటల దాకా సాధన చేసేవాళ్లు. అంతసేపు కష్టమైన సాధన చేస్తే శరీరం తట్టుకోదు కనుక మిగతా సమయం తేలికగా చేయక తప్పదు. ఇరవై గంటలవాడి నిష్పత్తిని ఏడు గంటలవాడు అరువు తెచ్చుకోవలసిన అవసరం ఏమిటి? మనకు అలసట కంటే ముందు సమయం అయిపోతుంది.

రెండో సంగతి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గిబాలా బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక వర్గం 30 సెకన్ల పూర్తిశక్తి సైక్లింగును మధ్యలో విరామమిస్తూ నాలుగు నుంచి ఆరుసార్లు చేసింది. ఇంకో వర్గం గంటన్నర నుంచి రెండు గంటల పాటు నిలకడగా తొక్కింది. రెండు వారాల తర్వాత కండరాల్లో వచ్చిన మార్పులు రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఖర్చయిన సమయంలో మాత్రం ఎంతో తేడా.

కాబట్టి వారానికి కనీసం రెండు సాధనలు గట్టిగా ఉండాలనీ, అవి మొదటి నెల నుంచే ఉండాలనీ నా అభిప్రాయం. ఆరు నెలలు 139 దగ్గరే తిరిగితే ఆ వేగంలోనే ఆరితేరుతారు తప్ప ముందుకు సాగరు.

డా_నిర్మల | ఫిబ్రవరి 11

పవన్ గారి వాదనలో బలముంది. గిబాలా ప్రయోగం గురించి ఆయన చెప్పింది సరైనదే. అయితే అది రెండు వారాల ప్రయోగం, అందులో పాల్గొన్నవారు పోటీలకు సాధన చేసే క్రీడాకారులు కారు. అటువంటివారికి ఏ కొత్త వ్యాయామం ఇచ్చినా మార్పు త్వరగా వస్తుంది. నాలుగు గంటలు సైకిలు మీద, ఆ పైన రెండున్నర గంటలు కాళ్ల మీద నిలబడవలసిన మనిషికి కండరంలోని ఎంజైములతోపాటు ఎముకలు, స్నాయువులు, ముఖ్యంగా మడమ వెనుక స్నాయువు కూడా సిద్ధంకావాలి. వాటికి సమయం కావాలి, వాటిని విరామాల సాధన ఒక్కటే తయారుచేయలేదు.

సాధారణ ఔత్సాహికుల మీద జరిగిన ఒక ప్రయోగం ఇక్కడ ఉపయోగపడుతుంది. 2014లో స్పెయిన్ పరిశోధకులు ఔత్సాహిక పరుగు క్రీడాకారులను రెండు వర్గాలు చేసి పది వారాలు చూశారు. ఒక వర్గం ఎక్కువ భాగం తేలికగా, కొంత గట్టిగా చేసింది. రెండో వర్గం ఎక్కువ భాగం మధ్యస్థ తీవ్రతతో చేసింది. 10 కిలోమీటర్ల టైమింగ్ ఇద్దరికీ మెరుగుపడింది. మొదటి వర్గం కాస్త ఎక్కువ మెరుగుపడినా, తేడా ఖాయంగా చెప్పగలిగినంత పెద్దది కాదు. మధ్యస్థ తీవ్రత వృథా కాదనీ, తేలిక సాధన వల్ల నష్టం లేదనీ దీన్నిబట్టి అర్థమవుతుంది. వేణు గారి విషయంలో నన్ను తేలిక సాధన వైపు మొగ్గేలా చేస్తున్నది తిరగబెట్టే పిక్కల నొప్పి. గాయంతో ఆగిపోయిన వారంలో ఏ పద్ధతీ పనిచేయదు.

సైలర్ చెప్పిన 80 శాతం సాధనల సంఖ్యలో లెక్క. గంటల్లో చూస్తే తేలిక భాగం 90 శాతం దగ్గరికి వస్తుంది, ఎందుకంటే గట్టి సాధనలో కూడా ముందూ వెనుకా తేలికగా చేసే సమయం ఉంటుంది.

వేణు_నార్సింగి | ఫిబ్రవరి 12

అందరికీ ధన్యవాదాలు. పద్యం పరీక్ష చేశాను. 141, 142 దగ్గర పాదం మధ్యలో శ్వాస తెగుతోంది. కనుక 139ని పైగీతగా పెట్టుకుని, నొప్పి పూర్తిగా తగ్గేదాకా 134 దగ్గర ఉంటాను. మరి ఈతకు కూడా ఇదే లెక్కా? నీళ్లలో హార్ట్ రేటు ఎలా చూసుకోవాలి?

ఈత_సుబ్బారావు | ఫిబ్రవరి 12

ఈతకు ఈ లెక్క పెట్టుకోవద్దు, వేణు గారూ.

నేను కృష్ణలో ఈత నేర్చుకుని, తర్వాత చాలాకాలం పిల్లలకూ పెద్దలకూ నేర్పినవాణ్ని. నీళ్లలో శరీరం అడ్డంగా ఉంటుంది, చల్లదనం ఉంటుంది, కాబట్టి అదే శ్రమకు హార్ట్ రేటు పరుగులో కంటే పది దాకా తక్కువ చూపిస్తుంది. మణికట్టు వాచీ నీటిలో సరిగా చదవదు కూడా. కానీ అసలు కారణం వేరు. పెద్దయ్యాక ఈత నేర్చుకున్నవారిని ఆపేది గుండె కాదు, నీటిలో వాళ్ల శరీరం నిలిచే తీరు. తల పైకెత్తితే నడుమూ కాళ్లూ కిందికి దిగుతాయి. దిగిన కాళ్లను లాగడానికి చేతులు అలసిపోతాయి. ఆ తీరుతో గంటసేపు నెమ్మదిగా ఈదితే ఆ తీరే గట్టిపడుతుంది.

పూల్‌లో 50 మీటర్లు, 100 మీటర్లు ముక్కలుగా ఈదండి. ఒక్కో ముక్క తర్వాత పదిహేను, ఇరవై సెకన్లు ఆగండి. ప్రతి ముక్కలో ఒక్క విషయం మీదే మనసు పెట్టండి: ఒకసారి నీళ్లలోకి ఊపిరి పూర్తిగా వదలడం, ఇంకోసారి మోచెయ్యి పైకి నిలిపి నీటిని వెనక్కి పట్టుకోవడం. ఒక పొడవుకు ఎన్ని బారలు పడుతున్నాయో లెక్కపెట్టుకోండి. చివరి ముక్కలో బారల సంఖ్య పెరిగిపోతే ఆ రోజుకు చాలించండి. తీరు చెడ్డాక ఈదే ఈత ఎంత తేలికగా చేసినా మేలు చేయదు.

గోవాలో సముద్రం వెచ్చగా ఉంటుంది కనుక వెట్‌సూట్ (చల్లటి నీళ్లలో వేసుకునే రబ్బరు దుస్తు) తేలించే సాయం దొరకదు. అక్కడికి వెళ్లేలోగా పారే నీటిలోనో సముద్రంలోనో అనుభవం తెచ్చుకోండి. ఒంటరిగా మాత్రం దిగవద్దు. నడుముకు రంగు బుడగ కట్టుకోండి, పక్కన పడవో తోడు ఈతగాళ్లో ఉండాలి. ప్రకాశం బ్యారేజీ ఎగువన నీళ్లు నిలకడగా ఉన్నట్టు కనిపిస్తాయి కానీ గేట్లు ఎత్తిన రోజు పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. నది ఎరిగినవారిని అడగకుండా ఎంత ఈత వచ్చినా దిగకూడదు.

శ్రీనివాస్_డాలస్ | ఫిబ్రవరి 13

సుబ్బారావు మాస్టారి మాట అక్షరాలా నిజం. నేను సైక్లింగ్ గురించి చెబుతాను.

సైకిలు మీద శరీర బరువును సీటు మోస్తుంది కనుక, అదే శ్రమకు హార్ట్ రేటు పరుగు కంటే చాలామందికి ఐదు నుంచి పది దాకా తక్కువ ఉంటుంది. పరుగులో 139 తేలిక అయితే సైకిలు మీద 130 దగ్గర ఆగాలి. పవర్ మీటరు (తొక్కేటప్పుడు పెట్టే శక్తిని కొలిచే పరికరం) ఉన్నవారికి ఒక మంచి పరీక్ష ఉంది. చదునైన దారిలో రెండు గంటలు ఒకే పవర్‌తో తొక్కి, మొదటి గంట సగటు హార్ట్ రేటునూ రెండో గంట సగటునూ పోల్చండి. పెరుగుదల ఐదు శాతం లోపుంటే ఆ తీవ్రతకు మీ ఆధారం బాగున్నట్టు. అంతకు మించితే ఇంకా పని మిగిలి ఉన్నట్టు.

మా ఊళ్లో జులై, ఆగస్టులలో బయట తొక్కడం కష్టం కనుక ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిలును ఒకేచోట నిలిపి ఉంచే పరికరం మీద తొక్కుతాను. ఎదురుగా పెద్ద ఫ్యాను లేకపోతే అరగంటలోనే అదే పవర్‌కు పది స్పందనలు అదనంగా కనిపిస్తాయి. ఇంట్లో చేసేవారు ముందు ఫ్యాను మీద ఖర్చుపెట్టండి, మిగతా హంగులు తర్వాత చూసుకోవచ్చు.

వేణు_నార్సింగి | ఏప్రిల్ 21

చాలా రోజులకు రాస్తున్నాను. మార్చి చివరిదాకా అంతా ఆశాజనకంగానే సాగింది. 139 దగ్గర కిలోమీటరుకు 8.15 వరకు వచ్చాను, పిక్కల నొప్పి లేదు. సైక్లింగ్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీద చేస్తున్నాను. నార్సింగి నుంచి కొల్లూరు వైపు సిగ్నళ్లు లేకుండా, నీడలో, ఒకే తీవ్రతతో తొక్కడానికి అంతకంటే మంచిచోటు నగరంలో నాకు దొరకలేదు.

అయితే ఏప్రిల్ మొదలైనప్పటి నుంచి పరుగు వెనక్కి వెళ్తోంది. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరినా మూడో కిలోమీటరుకే 139 తాకుతోంది. మళ్లీ 8.50 దగ్గరికి వచ్చేశాను. ఇది పద్ధతి విఫలం కావడమా, ఎండ ప్రభావమా?

తీరం_లలిత (విశాఖ) | ఏప్రిల్ 21

ఎండ ప్రభావమే. మా తీరంలో ఉక్కపోత వల్ల ఇది ఇంకా ఎక్కువ. ఈ కాలంలో హార్ట్ రేటును నమ్మండి, వేగాన్ని నమ్మకండి. మార్చి వేగాన్ని నిలబెట్టుకోవాలని పట్టుబడితే, మీరు ఏ మధ్యస్థ తీవ్రత నుంచి బయటపడాలనుకున్నారో అందులోకే తిరిగి వెళ్తారు.

ఇంకొక మాట. మీరు వాడుతున్నది మణికట్టు వాచీయేనా? అయితే ఛెస్ట్ స్ట్రాప్ (హార్ట్ రేటు కొలవడానికి ఛాతీకి కట్టుకునే పట్టీ) కొనుక్కోండి. చెమట పట్టిన మణికట్టు మీద వాచీ వదులైతే, లోపలి సెన్సారు నాడిని వదిలేసి అడుగుల లయను పట్టుకుంటుంది. నెమ్మదిగా పరుగెత్తుతున్నా ఉన్నట్టుండి 165 చూపించి, అక్కడే కదలకుండా నిలబడుతుంది. అలా నిలిచిపోయినప్పుడు ఆగి, మెడ దగ్గర వేలు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసి చూడండి.

డా_నిర్మల | ఏప్రిల్ 22

కారణం కూడా తెలుసుకుంటే మీకు నిబ్బరంగా ఉంటుంది. వేడిలో శరీరం చల్లబడడానికి రక్తంలో కొంత భాగం చర్మం వైపు మళ్లుతుంది. చెమట వల్ల రక్తంలోని ప్లాస్మా తగ్గుతుంది. గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గి, ఒక్కో స్పందనకు పంపే పరిమాణం తగ్గుతుంది. ఆ లోటును గుండె వేగంతో పూడ్చుకుంటుంది. క్రమం తప్పకుండా వేడిలో సాధన చేస్తే పది నుంచి పద్నాలుగు రోజుల్లో ప్లాస్మా పరిమాణం పెరిగి, చెమట త్వరగా పట్టడం మొదలై, కొంతవరకు సర్దుకుంటుంది. గోవాలో ఎలాగూ ఉక్కలోనే పరుగెత్తాలి కనుక ఈ అలవాటు మీకు పనికివస్తుంది.

అయితే హద్దు దాటవద్దు. తల తిరగడం, వణుకు, వాంతి వచ్చినట్టుండడం, మాట తడబడడం, పొంతన లేకుండా మాట్లాడడం వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆగి నీడకు చేరాలి, ఒంటి మీద నీళ్లు పోసుకోవాలి. మనిషి అయోమయంలో ఉంటే ఒంటిని చల్లబరుస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చల్లబరచడం ఆపి బండి కోసం ఎదురుచూడకూడదు.

సంధ్య_హన్మకొండ | ఏప్రిల్ 24

నిర్మల గారూ, నాకు 52 ఏళ్లు. స్ప్రింట్ దూరం, అంటే 750 మీటర్ల ఈత, 20 సైక్లింగ్, 5 పరుగు పూర్తిచేయాలని కోరిక. బీపీకి రోజూ బీటా బ్లాకర్ మాత్ర వేసుకుంటున్నాను. సూత్రం ప్రకారం 128, మందుకు 10 తీస్తే 118 అనుకుని మొదలుపెట్టాను. కానీ 110 దాటేసరికే ఆయాసం వస్తోంది. ఇంకా తగ్గించాలా?

డా_నిర్మల | ఏప్రిల్ 24

సంధ్య గారూ, మీకు ఆ సూత్రమే వర్తించదు. బీటా బ్లాకర్ గుండె వేగాన్ని నేరుగా అణచిపెడుతుంది, ఎంత అన్నది మందునుబట్టి, మోతాదునుబట్టి, మాత్ర వేసుకుని ఎంతసేపయిందన్నదానిబట్టి మారుతుంది. మీరు అంకెలను పక్కనపెట్టి పద్యం పరీక్షనే ఆధారం చేసుకోండి. మాట హాయిగా సాగితే తేలిక, తెగితే తగ్గించాలి. అంతకంటే ముందు, ఆ మందు రాసిన వైద్యుడికి మీ ఉద్దేశం చెప్పి ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. తక్కువ శ్రమకే ఆయాసం వస్తోందన్న సంగతి ఆయనకు ప్రత్యేకంగా చెప్పండి. సాధన కోసమని మాత్రను మీ అంతట మీరు ఆపడం గానీ తగ్గించడం గానీ చేయవద్దు.

సంధ్య_హన్మకొండ | ఏప్రిల్ 24

అలాగే చేస్తాను. ధన్యవాదాలు.

వేణు_నార్సింగి | జులై 20

వానలు పడ్డాక, ఫిబ్రవరిలో ఉన్నంత చల్లటి ఉదయం చూసుకుని, స్టేడియం ట్రాక్ మీద ఛెస్ట్ స్ట్రాప్‌తో మళ్లీ పరీక్ష చేశాను. పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కేదాకా మెల్లగా పరుగెత్తి, తర్వాత 139 దగ్గర నిలకడగా ఐదు కిలోమీటర్లు. మొదటి కిలోమీటరు 7.38, చివరిది 7.52. మొదటికీ చివరికీ తేడా పద్నాలుగు సెకన్లే ఉండడం నాకు సగటు కంటే ఎక్కువ సంతోషం కలిగించింది, ఎందుకంటే ఫిబ్రవరిలో చివరి కిలోమీటరు వచ్చేసరికి సగం నడకే ఉండేది.

శనివారం మూడు గంటలు సైకిలు తొక్కి, ఆదివారం గంటన్నర పరుగెత్తినా సోమవారం మెట్లు దిగడానికి ఇబ్బంది లేదు. ఇదివరకు ఇది ఊహించలేని సంగతి. కానీ పవన్ గారు చెప్పినదానిలోనూ నిజం కనిపిస్తోంది. మొన్న మిత్రులతో కలిసి ఒక కిలోమీటరు వేగంగా పరుగెత్తితే కాళ్లు ఆ వేగాన్ని పూర్తిగా మరిచిపోయినట్టనిపించింది. ఇక్కడి నుంచి ఏం చేర్చాలి?

పవన్_బెజవాడ | జులై 20

వేణు గారూ, చాలా సంతోషం. గాయం లేకుండా ఇన్ని నెలలు గడపడమే పెద్ద విషయమని ఒప్పుకుంటున్నాను. మీ పిక్కల నొప్పి దృష్ట్యా డాక్టరు గారి సలహా సరైనది.

ఇప్పుడు మాత్రం మార్చాలి. 70.3 పోటీని ఎవరూ పూర్తి తేలిక తీవ్రతతో చేయరు. మనవంటివారు ఆ గీతకు కాస్త పైన, గట్టి సాధనకు కాస్త కింద, అంటే మీరు ఇన్నాళ్లు తప్పించుకున్న ఆ మధ్యస్థ తీవ్రతలోనే గంటల తరబడి ఉంటారు. కాబట్టి చివరి పది వారాల్లో దానికి చోటివ్వాలి. శనివారం మూడు గంటల సైక్లింగులో మధ్యన ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు పోటీ తీవ్రతతో తొక్కండి, క్రమంగా మూడుకు పెంచండి. బుధవారం పరుగులో మూడేసి నిమిషాల గట్టి భాగాలు నాలుగైదు, మధ్యలో రెండేసి నిమిషాల నడక పెట్టండి. మిగతావన్నీ ఇప్పటిలాగే ఉంచండి.

నార్వే పద్ధతి గురించి చాలామంది అడుగుతుంటారు కనుక చెబుతున్నాను. టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన క్రిస్టియన్ బ్లుమెన్‌ఫెల్ట్ బృందం గట్టి సాధనల్లో కూడా లాక్టేట్ కొలిచి, అనుకున్న గీత దాటకుండా ఆపుకుంటుంది. గట్టి రోజున కూడా అదుపు ఉండాలన్నంత వరకు దాన్ని మనం తీసుకోవచ్చు. రోజుకు రెండు పూటలా గట్టిగా చేయడం వంటివి మన నిద్రకూ ఉద్యోగానికీ పొసగవు.

తీరం_లలిత (విశాఖ) | జులై 21

పవన్ గారి సూచనలకు వారాన్ని ఇలా అమర్చుకోవచ్చు. సోమవారం విశ్రాంతి. మంగళ, శుక్రవారాలు ముప్పావు గంట చొప్పున పూల్, సుబ్బారావు మాస్టారు చెప్పిన ముక్కల పద్ధతిలో. బుధవారం పవన్ గారి పరుగు, ముందూ వెనుకా మెల్లటి భాగాలతో కలిపి ముప్పావు గంట. గురువారం తేలిక సైక్లింగ్ గంటంబావు. శనివారం పెద్ద సైక్లింగ్ మూడు గంటలు, ఆదివారం తేలిక పరుగు గంటన్నర. మొత్తం ఎనిమిది గంటలు. రెండు వారాలకొకసారి శనివారం సైకిలు దిగిన వెంటనే షూ మార్చుకుని ఇరవై నిమిషాలు పరుగెత్తండి, ఆ వారం గురువారం కొంత తగ్గించుకోండి. బుధవారం పిక్కల్లో ఏమాత్రం నొప్పి తెలిసినా ఆ గట్టి భాగాలను సైకిలు మీదికి మార్చండి.

కటాఫ్ లెక్క కూడా చూద్దాం. ఈతలో వంద మీటర్లకు 2.40 చొప్పున 1.9 కిలోమీటర్లకు 51 నిమిషాలు. సైకిలు గంటకు 25 కిలోమీటర్ల సగటుతో 3 గంటల 36 నిమిషాలు. పరుగు ఫిబ్రవరి నాటి 8.40 వేగంతో వేసినా 3 గంటల 3 నిమిషాలు. బట్టలు, సైకిలు మార్చుకునేందుకు పావుగంట కలిపితే మొత్తం 7 గంటల 45 నిమిషాలు. అంటే ఎండ దెబ్బకు మీ వేగం మొదటిరోజు స్థాయికి పడిపోయినా ఇంకా ముప్పావు గంట మీ చేతిలో ఉంటుంది.

శ్రీనివాస్_డాలస్ | జులై 21

ఆహారం సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. మాఫెటోన్ పిండిపదార్థాలు బాగా తగ్గించమంటారు కదా, అది కూడా పాటించాలా?

డా_నిర్మల | జులై 22

సాధన తీవ్రతనూ ఆహార నియమాన్నీ విడదీసి చూడండి. తేలిక సాధన వల్ల వచ్చే లాభం అన్నం తినేవారికీ వస్తుంది. గంట లోపు తేలిక పరుగుకు ఖాళీ కడుపుతో వెళ్లినా ఇబ్బంది లేదు. రెండు గంటలు దాటే సైక్లింగుకూ, గట్టి సాధనలకూ మాత్రం తిని వెళ్లాలి, మధ్యలో కూడా తినాలి. పోటీరోజు గంటకు 60 గ్రాముల పిండిపదార్థం సైకిలు మీద పడాలంటే పొట్టకు ముందే అలవాటుండాలి. శనివారం సాధనల్లో అరటిపండు, ఖర్జూరం, జెల్ ఏది పడుతుందో ఇప్పటి నుంచే చూసుకోండి, ఉప్పు కలిపిన నీళ్లతో సహా.

వేణు_నార్సింగి | జులై 22

లలిత గారి వారం పట్టికను యథాతథంగా తీసుకుంటున్నాను. చివరిగా ఒక ప్రశ్న. పోటీలో సైకిలు దిగి పరుగు మొదలుపెట్టేటప్పుడు ఏ అంకె దగ్గర ఉండాలి? 139 మరీ తక్కువేమో?

తీరం_లలిత (విశాఖ) | జులై 23

గోవాలో పరుగు మొదలయ్యే సమయానికి ఎండ బాగా ఎక్కి ఉంటుంది. సైకిలు దిగిన వెంటనే కాళ్లు తేలికగా అనిపించి వేగం దానంతటదే పెరుగుతుంది, హార్ట్ రేటు కొంచెం ఆలస్యంగా పైకి వస్తుంది. మొదటి మూడు కిలోమీటర్లు 142 దాటనివ్వకండి, అవసరమైతే నడవండి. తర్వాత పదిహేనో కిలోమీటరు దాకా 148 వరకు పోనివ్వవచ్చు. ప్రతి నీళ్ల కేంద్రం దగ్గర నడుస్తూ తాగండి, ఐసు దొరికితే టోపీలోనూ మెడ వెనుకా పెట్టుకోండి. పదిహేను దాటాక కూడా మాట తెగకుండా సాగుతుంటే, అప్పుడు వాచీ చూడడం మానేసి మిగిలిన ఆరు కిలోమీటర్లు మీ శక్తి కొద్దీ పరుగెత్తండి.